నోటి మాట చేతిదాకా

నారదుడు సనత్కుమారుడి దగ్గరికి శిష్యుడిగా వెళ్లిన ఘట్టం ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో ఉంది. నీకు ఇప్పటికే ఏమేమి తెలుసో ముందు చెప్పమంటాడు గురువు. నారదుడు ఏకరువు పెడతాడు. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, వ్యాకరణం, గణితం, తర్కం, నక్షత్ర విద్య, చివరికి సర్పవిద్య కూడా. ఇంత చదివినా తనకు మంత్రాలే తెలుసునని, ఆత్మ తెలియదని, దుఃఖంలోనే ఉన్నానని, దాన్ని దాటించమని వేడుకుంటాడు. నువ్వు చదివిందంతా పేరు మాత్రమే అంటాడు సనత్కుమారుడు. అలాగని ఆ చదువును తీసిపారెయ్యడు. పేరునే మొదటి మెట్టుగా ఉపాసించమని, అక్కణ్ణుంచి పైకి నడిపిస్తాడు. పేరు కన్నా వాక్కు గొప్పది, వాక్కు కన్నా మనసు, మనసు కన్నా సంకల్పం. ఆ మెట్లు ఇంకా చాలా ఉన్నాయి.

మనలో నారదుడంత చదువు ఎవరికీ లేదు. ఆయన దుఃఖం మాత్రం మన ఇళ్లలో బాగా తెలిసిందే. రోజూ సహస్రనామం చదివే ఇంట్లోనే అన్నదమ్ములు పొలం గట్టు తగాదాతో ఏళ్ల తరబడి పలకరించుకోరు. పూజ ముగించి హారతి కళ్లకద్దుకున్న మనిషి, గది దాటకముందే కోడలి మీద గొంతు పెంచుతుంది. దీన్ని వేషమని కొట్టిపారేస్తే తప్పు. ఆ భక్తి నిజమైనదే, ఆ కన్నీళ్లూ నిజమైనవే. మాట నోటి దగ్గరే ఆగిపోతోంది, అంతే. అది మనసులోకి, మనసులోంచి చేతిలోకి దిగాలంటే ఏం చెయ్యాలన్నదే ఈ అధ్యాయం.

అర్థం తెలియాలా అన్న ప్రశ్న కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వమే యాస్కుడు వేదపదాల అర్థం చెప్పడానికి నిరుక్తం రాశాడు. అందులో ఆయన కౌత్సుడనే పండితుడి వాదాన్ని ప్రస్తావించాడు. మంత్రాలకు అర్థమే లేదని కౌత్సుడి పక్షం. యాస్కుడు ఆ వాదాన్ని దాచిపెట్టలేదు, ఒక్కొక్క ఆక్షేపణకూ జవాబు చెప్పాడు. అర్థం తెలియకుండా వేదం వల్లించినవాడు బరువు మోసే మోడులాంటివాడని ఆ సంప్రదాయం నిష్కర్షగా చెప్పింది. పతంజలి యోగసూత్రాల్లో సమాధిపాదం 28వ సూత్రం మరో అడుగు ముందుకేసింది. ప్రణవాన్ని జపించడమంటే దాని అర్థాన్ని భావించడం కూడా అని రెంటినీ ఒకే సూత్రంలో ముడివేసింది. అందుకే, అర్థం తెలియకపోయినా ఫలితం వస్తుందిలే అని మనల్ని మనం ఊరడించుకునే అలవాటును నేను ఒప్పుకోలేను. చిన్నపిల్లలు అర్థం తెలియకుండా నేర్చుకోవడం మంచిదే. ఆ వయసులో శబ్దం నాలుక మీద నిలుస్తుంది. అరవై ఏళ్లు వచ్చినా ఆ శబ్దం దగ్గరే ఉండిపోవడం మాత్రం మనకు మనం చేసుకునే అన్యాయం.

దీనికోసం కొత్త మంత్రం వెతుక్కోనక్కర్లేదు. మీ నోట్లో ఇప్పటికే ఉన్న మాటలు చాలు. వాటిలో అన్నిటికన్నా తక్కువ పట్టించుకునే దానితో మొదలుపెడదాం.

సంకల్పం

పూజలో సంకల్పం చెబుతున్నప్పుడు చాలామంది పురోహితుడి వెనకే వేగంగా పలుకుతూ, గోత్రం దగ్గర మాత్రం గొంతు పెంచుతారు. నిజానికి పూజ మొత్తంలో మీ గురించి మీరు చెప్పుకునేది అక్కడే. మాటల్ని కాస్త నెమ్మదిగా వినండి. మొదట కాలం వస్తుంది. బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, శ్వేతవరాహ కల్పం, ఏడో మనువైన వైవస్వతుడి కాలం, కలియుగంలో మొదటి పాదం. ఒక కల్పమంటే 432 కోట్ల సంవత్సరాలు, కలియుగమంటే 4,32,000 సంవత్సరాలు. అంత పెద్ద లెక్క నుంచి దిగుతూ దిగుతూ ఈ సంవత్సరం, ఈ ఋతువు, ఈ నెల, ఈ పక్షం, ఈ తిథి, ఈ వారం దగ్గర ఆగుతుంది. తర్వాత చోటు. జంబూద్వీపం, భరతవర్షం, మేరువుకు దక్షిణం. తెలుగునాట ఇక్కడ ఒక అపురూపమైన మాట వస్తుంది: శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పుకుంటాం. విజయవాడలో కూర్చున్నవాళ్లు ఈశాన్యమంటారు, హైదరాబాదులో వాయవ్యమంటారు, తిరుపతిలో ఆగ్నేయమంటారు. ఆ కొండను మధ్యలో నిలిపి తెలుగువాళ్లంతా చుట్టూ కూర్చున్నట్టు ఉంటుంది. అమెరికాలో చేసే పూజల్లో క్రౌంచద్వీపం, రమణకవర్షం, ఐంద్రఖండం అని మార్చి చెబుతారు. ఎక్కడున్నా, ఉన్న చోటు పేరు చెప్పకుండా సంకల్పం ముందుకు సాగదు. సొంత ఇల్లయితే స్వగృహమని, అద్దె ఇల్లయితే వసతి గృహమని చెప్పడం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్న మాట.

ఇంత పొడుగు ఎందుకు? మనసు రోజంతా ఎక్కడెక్కడో ఉంటుంది. నిన్నటి మాట దగ్గర, వచ్చే నెల వాయిదా దగ్గర, పక్కింటివాళ్ల కొత్త కారు దగ్గర. సంకల్పం దాన్ని చెయ్యిపట్టి తీసుకొచ్చి, ఇవాళ, ఇక్కడ, ఈ పీట మీద కూర్చోబెడుతుంది. మరో సంగతి గమనించండి. సంకల్పంలో రేపటి నుంచి అనడానికి చోటు లేదు. ఇవాళ్టి తిథి చెప్పాక రేపు మొదలుపెడతానంటే ఆ వాక్యమే పొసగదు.

ఆ తర్వాత వచ్చేది ఇంకా గట్టి మాట. ఐశ్వర్యం అడగడానికి ముందే, నేను పోగుచేసుకున్న దురితాలు తొలగాలని అంటాం. ఉపాత్తం అంటే సంపాదించుకున్నది. మమ ఉపాత్త అన్నప్పుడు, ఇవి ఎవరో నా నెత్తిన పెట్టినవి కావు, నేనే కూడబెట్టుకున్నవి అని నలుగురి ముందూ ఒప్పుకుంటున్నాం. జాతకం మీదికి, దిష్టి మీదికి, పుట్టింటి మీదికి, మేనేజరు మీదికి నెట్టే దారి ఆ రెండు పదాలతో మూసుకుపోతుంది. అది అయ్యాకే కోరికల వరస. ఆ వరసను చూడండి: క్షేమం, స్థైర్యం, ధైర్యం, విజయం, అభయం, ఆయుష్షు, ఆరోగ్యం, ఆ తర్వాత ఐశ్వర్యం. నిలకడ, గుండెబలం ముందు, డబ్బు తర్వాత. మన రోజువారీ ప్రార్థనల్లో ఈ వరస ఎంత తలకిందులైందో ఎవరికి వారే చూసుకోవచ్చు.

చివర రెండు మాటలు: యథాశక్తి, కరిష్యే. యథాశక్తి అంటే చేతనైనంత. ఇది బద్ధకానికి ఇచ్చిన సెలవు కాదు, చేతనైనంతా అని అర్థం. శక్తిని దాటి చెయ్యలేదని బాధపడనక్కర్లేదు, శక్తి ఉండి తగ్గించకూడదు. ఇక కరిష్యే. చేస్తాను అనడానికి సంస్కృతంలో కరిష్యామి అనీ అనవచ్చు, కరిష్యే అనీ అనవచ్చు. ఫలితం చేసేవాడికే చెందేటప్పుడు రెండో రూపం వాడాలని పాణిని చెప్పాడు. ఆ రూపానికి ఆత్మనేపదమని పేరు, తనకోసం పలికే పదమని. యజమాని కరిష్యే అంటాడు, అతని తరఫున చేసే ఋత్విజుడు కరిష్యామి అంటాడు. పూజ మొదట్లో ఇది నాకోసమే అని దాపరికం లేకుండా చెప్పించడం నాకు ఎంతో నచ్చుతుంది. నాకేం వద్దు అనే తెచ్చిపెట్టుకున్న వైరాగ్యంతో కూర్చోమని సంప్రదాయం అడగలేదు.

గీత ఆరో అధ్యాయం సంకల్పాలను వదలనివాడు యోగి కాలేడంటుంది కదా, మరి పూజ సంకల్పంతో ఎలా మొదలవుతుందని అడిగేవాళ్లు ఉన్నారు. మంచి ప్రశ్న. నాకు అర్థమైనంతవరకు గీత వదలమన్నది లోపల తమంతట తాము పుట్టుకొచ్చే కోరికల ఊహలను. పూజ పలికించేది ఒకే ఒక్కదాన్ని, పేరుతో, చోటుతో, తిథితో, చేతిలో నీళ్లతో. ఒక్కదాన్ని బయటికి అనడంతో మిగతా వెయ్యి పక్కకు తప్పుకుంటాయి.

ఇప్పుడు చెయ్యవలసింది. మీరు వాయిదా వేస్తున్న పని ఒకటి తీసుకోండి. చదువు, నడక, అప్పు తీర్చడం, ఎవరితోనైనా రాజీపడడం, ఏదైనా సరే. స్నానం చేసి కూర్చుని, మీ తెలుగులో, పైకి వినబడేలా చెప్పుకోండి. ఇవాళ ఫలానా తిథి, ఫలానా ఊళ్లో, ఈ ఇంట్లో, ఫలానావారి బిడ్డనైన నేను, ఇన్నాళ్లూ ఇది చెయ్యకపోవడానికి కారణం నేనేనని ఒప్పుకుంటూ, ఇంత మేరకు, చేతనైనంతా, ఇందుకోసం చేస్తాను. ఉద్ధరిణెతో నీళ్లు తీసుకుని పళ్లెంలో వదలండి. ఆ రోజే, ఎంత చిన్నదైనా, ఆ పనిలో మొదటి ముక్క చేసెయ్యండి. అడుగు పడకుండా సంకల్పాన్ని పదేపదే చెప్పుకుంటూ పోతే ఆ మాట బరువు తగ్గిపోతుంది. అంతకంటే అసలు చెప్పుకోకపోవడమే మేలు.

న మమ

పాణిని అష్టాధ్యాయిలో ఒక చిన్న సూత్రం ఆరు మాటల్ని ఒక గుంపుగా కట్టింది: నమః, స్వస్తి, స్వాహా, స్వధా, అలం, వషట్. వీటి పక్కన వచ్చే పేరు చతుర్థీ విభక్తిలో ఉండాలని నియమం. శివాయ, నారాయణాయ, అగ్నయే. తెలుగులో కొరకు, కై అంటాం. బడిలో విభక్తుల పట్టికగా చదివి మరిచిపోయే ఈ సంగతిలో మన పూజంతా ఉందని నాకు అనిపిస్తుంది. మనం పవిత్రమనుకునే ఈ మాటలు ఒంటరిగా నిలబడవు. ఎవరికో ఒకరికి అని చూపించి తీరతాయి. నమః దేవుడికి, స్వస్తి ఎదుటి మనిషి మేలుకు, స్వాహా దేవతలకు, స్వధా పోయిన పెద్దలకు. కరిష్యే అని తనకోసం మొదలైన మనిషి, పూజ నడుస్తున్నకొద్దీ ప్రతి నామానికీ కొరకు, కొరకు అంటూ ఎదుటివైపు తిరుగుతాడు.

నమః అన్న మాటకు మూలమైన ధాతువుకు ధాతుపాఠంలో రెండర్థాలు ఇచ్చారు: వంగడం, శబ్దం చెయ్యడం. వంగకుండా పలికితే అందులో సగమే ఉంటుంది. శ్రీవైష్ణవ ఆచార్యులు ఈ మాటను మరోలా విప్పి చూపించారు. న, మః అని విడదీసి, నాది కాదు, నేను నాకు చెందినవాణ్ణి కాను అని వివరించారు. ఇది వ్యాకరణం ఒప్పే వ్యుత్పత్తి కాదు, ఆచార్యులకూ ఆ సంగతి తెలియనిది కాదు. మాటలో భక్తుడు చూసుకున్న లోతు అది. రెంటినీ రెండుగానే పట్టుకోవాలి. వ్యాకరణమని చెప్పి భావాన్ని అమ్మకూడదు, వ్యాకరణం కాదని భావాన్ని పారెయ్యనూ కూడదు.

ఆ భావం పచ్చిగా, కళ్లెదుట కనబడేది హోమంలో. ఋత్విజుడు స్వాహా అంటూ నెయ్యి అగ్నిలో వేస్తాడు. పక్కనున్న యజమాని, ఇది అగ్నికి, నాది కాదు అని పలుకుతాడు. సంస్కృతంలో చివరి రెండు మాటలు న మమ. యజ్ఞమంటే ఏమిటన్న ప్రశ్నకు కాత్యాయనుడి శ్రౌతసూత్రం మూడు మాటల్లో జవాబు చెప్పింది: ద్రవ్యం, దేవత, త్యాగం. మీమాంసకులు ఇంకా సూక్ష్మంగా వెళ్లారు. వస్తువును దేవతకని వదులుకోవడం యాగం, దాన్ని అగ్నిలో వెయ్యడం కలిస్తే హోమం. మంట తర్వాతి సంగతి. నాది అన్న భావం తెగడమే అసలు పని, అది మనసులో, మాటతో జరుగుతుంది. ధర్మశాస్త్రాల్లో దానానికి చెప్పిన లక్షణం కూడా ఇదే దారి. ఇచ్చినవాడి హక్కు పోవాలి, పుచ్చుకున్నవాడి హక్కు పుట్టాలి. రెంటిలో ఏది తక్కువైనా అది దానం కాదు.

ఈ కొలతతో మన ఇవ్వడాన్ని చూసుకుంటే గుండె కాస్త బరువెక్కుతుంది. తమ్ముడి చదువుకు ఫీజు కట్టాం, ఇరవై ఏళ్లుగా పెళ్లిళ్లలో ఆ మాట దొర్లుతూనే ఉంది. కొడుక్కి ఇల్లు రాసిచ్చాం, గోడల రంగు మాత్రం మనం చెప్పిందే ఉండాలి. పనిమనిషికి పండక్కి చీర పెట్టాం, ఆమె దాన్ని తన చెల్లెలికి ఇస్తే మనసు చివుక్కుమంది. డబ్బు చేతులు మారింది, మమ మారలేదు. చాలా ఇళ్లలో మనశ్శాంతి పోవడానికి కారణం ఇవ్వకపోవడం కాదు, సగం ఇవ్వడం.

కాబట్టి ఈ వారం ఇలా చెయ్యండి. మీరు ఇచ్చి కూడా వదలనిది ఒక్కటి కాగితం మీద రాసుకోండి. పెద్దవి వద్దు, చిన్నదానితో మొదలుపెట్టండి. ఎవరికి ఇచ్చారో వాళ్ల పేరు చెప్పి, ఇది వాళ్లది, నాది కాదు, న మమ అని పైకి అనండి. ఆ తర్వాత దాని గురించి దెప్పడం, గుర్తుచెయ్యడం, నలుగురిలో చెప్పడం పూర్తిగా మానండి. నోటిదాకా వచ్చినప్పుడు ఆ రెండు మాటలే అడ్డం వెయ్యండి. ఇది ధ్యానం కన్నా కష్టం. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీ నుంచి అన్యాయంగా లాక్కున్నదానికి న మమ చెప్పుకోమని ఎవరైనా ఉపదేశిస్తే వినకండి. త్యాగమంటే ఇచ్చేవాడు తన ఇష్టంతో వదలడం. ఆడపిల్ల వాటా ఎగ్గొట్టి, నువ్వే వదులుకోమ్మా పుణ్యం అనేవాళ్ల నోట ఈ మాటకు అర్థమే లేదు.

పూజ చివర, ఈ చేసినదంతా పరమేశ్వరార్పణం అని మళ్లీ నీళ్లు వదులుతాం. మొదట మమ అంటూ చేతిలోకి తీసుకున్న నీళ్లు అవే. నాకోసం అని మొదలుపెట్టిన పని ఫలితాన్ని కూడా వదిలేసే దాకా నడిపించడమే ఈ క్రమమంతా. ఆ నడకలో ఏ మెట్టునూ దాటవెయ్యలేం. మొదట నాది అని ఒప్పుకోనివాడికి వదలడానికి ఏముంటుంది?

మిగతా మాటలు, పలకడం

శాంతి మూడుసార్లు చెప్పడానికి కారణం చాలామందికి తెలిసే ఉంటుంది. దుఃఖం మూడు వైపుల నుంచి వస్తుందని మన శాస్త్రాలు లెక్కగట్టాయి. మన దేహం, మనసుల నుంచి వచ్చేది ఆధ్యాత్మికం, ఇతర ప్రాణుల నుంచి వచ్చేది ఆధిభౌతికం, వానలు, పిడుగులు, గ్రహాలవంటి మన చేతిలో లేనివాటి నుంచి వచ్చేది ఆధిదైవికం. మీకు ఏదైనా బాధ వచ్చినప్పుడు అది ఈ మూడింటిలో ఎక్కడిదో ముందు తేల్చుకోండి. పక్కవాళ్లను తిట్టి సరిచెయ్యబోయేది తరచు మన నిద్రలేమి అయి ఉంటుంది. మూడో శాంతి చెప్పేటప్పుడు, దీని మీద నాకు అధికారం లేదు అని తెలిసి చెప్పండి.

ఓంకారం గురించి ఎంత చెప్పినా తక్కువే. మాండూక్యోపనిషత్తు 12 మంత్రాల్లో మొత్తం దాన్నే చెప్పింది. అకారం మెలకువ, ఉకారం కల, మకారం గాఢనిద్ర, ఆ తర్వాత మాత్ర లేనిది నాలుగోది. అందుకే ఓంకారం పలికాక వెంటనే తర్వాతి మాటకు దూకవద్దు. ఒక శ్వాస ఆగండి.

ఉచ్చారణకు భయపడి ఆగిపోయేవాళ్లకు ఒక మాట. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి పలకడంలో చూడవలసినవి ఆరు చెప్పింది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం. వేదమంత్రాలకు ఉదాత్త, అనుదాత్త, స్వరితాలు తప్పనిసరి కాబట్టి వాటిని గురువు దగ్గర కూర్చునే నేర్చుకోవాలి. వీడియో చూసి వద్దు. నామాలకు, స్తోత్రాలకు అంత కట్టడి లేదు. ఒత్తులు ఒత్తులుగా, శ, ష, స వేర్వేరుగా పలికితే చాలు. విసర్గ దాని ముందున్న అచ్చును వెంటబెట్టుకుంటుంది, నమః చివర సన్నని హ, శాంతిః చివర సన్నని హి. ఫలానా బీజాక్షరం ఇన్నిసార్లు అంటే ఉద్యోగం, ఇన్నిసార్లు అంటే పెళ్లి అని అమ్మేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. యథాశక్తి, న మమ అన్న మాటలున్న సంప్రదాయంలో అలాంటి బేరానికి చోటు లేదు.

ఇక మీ పురోహితుణ్ణి అడగండి. పీట మీద కూర్చున్నాక, ముహూర్తం దాటిపోతుంటే కాదు. ముందు రోజే ఫోన్ చేసి, అయ్యా, రేపు సంకల్పం కాస్త నెమ్మదిగా చెప్పించండి, మేం అర్థం చేసుకుంటూ పలుకుతాం అనండి. ఆయన విసుక్కుంటారేమో అనుకుంటారు. ఎవరూ అడగకపోవడం వల్లే ఆయన వేగం పెంచారు. తిథి ఏది, మనం శ్రీశైలానికి ఏ దిక్కు, ఆ నీళ్లు ఎందుకు వదులుతాం, ఈ మూడూ ముందు రాత్రే ఇంట్లో పిల్లలకు చెప్పి, పొద్దున వాళ్లనూ పక్కన కూర్చోబెట్టుకోండి. గోత్రం వాళ్లచేతే చెప్పించండి.